ఆట మధ్యలో లేచినోళ్లు

సంక్రాంతి ముందు మా అన్న కూతురు ఫోను చేసింది. కబడ్డీ ఆడుద్ది ఆ పిల్ల. రైడరు. ఒక సంస్థ జట్టులో ఏడాది కాంట్రాక్టు మీద ఉంది. "చిన్నాయనా, సగం మ్యాచులు అయిపోయినయి. ఇంకా సగం ఉన్నయి. నా వల్ల కాదు. సంచి సర్దుకొని వచ్చెయ్యనా?" అనడిగింది.

ఏమైందే అంటే ఒక్కొక్కటీ చెప్పింది. కులం తెలిసినాక పక్క మంచం అమ్మాయి గది మార్పించుకుందంట. రైడుకు పోయి రెండు పాయింట్లు తెస్తే "ఒకటి ఆటది, ఒకటి రిజర్వేషన్‌ది" అని నవ్వారంట. నవ్వినోళ్లలో ఆడించే సారు కూడా ఉన్నాడు. ఎదురు మాట్లాడిందని మూడు మ్యాచులు బయట కూర్చోబెట్టారు. ఎందుకు సార్ అంటే "నీకు జట్టు మీద ప్రేమ లేదు" అన్నాడంట. ఇప్పుడు మధ్యలో వస్తే తీసుకున్న డబ్బు తిరిగి కట్టాలి. వచ్చే ఏడు ఇంకే జట్టూ పిలవదు. ఊళ్లోవాళ్లు మాత్రం "ఆడలేక మద్దెల ఓడు" అంటారు. ఆ మద్దెలకు తోలు బిగించేది మనమేనని వాళ్లకు గుర్తుండదు.

"రెండు రోజులు ఆగమ్మా, ఆలోచించి చెప్తా" అన్నాను. నాకు తెలియక కాదు. నేను ఒకసారి ఆట మధ్యలో వదిలేశాను. ఇంకోసారి వదలాల్సిన చోట వదల్లేదు. రెండింటికీ లెక్క ఇంకా తేలలేదు. ఆ పిల్లకు ఫోనులో రెండు ముక్కల్లో చెప్పలేకపోయిందే ఇక్కడ రాస్తున్నాను. ఇది నా ఒక్కడి కథ కాదు. నూరేళ్ల కింద బొంబాయిలో మనలాంటి తోలుపని కులం అన్నదమ్ములు ఇదే ప్రశ్న ముందు నిలబడ్డారు. వాళ్ల కథ మన బడి పుస్తకాల్లో రాయలేదు కాబట్టి మనమే చెప్పుకోవాలి.

*

మా నాయన చెప్పులు కుట్టేవాడు. ఊళ్లో రైతులకు మోట తోళ్లు, పలుపులు, చెప్పులు అన్నీ ఆయన చేతి మీద నుంచి పోయేవి. ఆరె, రంపె, గూటం, లంద వాసన. ఇవే మా ఇంటి ఆస్తి. ఊరి పెద్ద కులపు పిల్లలు బడి వెనక వాలీబాల్ ఆడేవాళ్లు. అప్పటి బంతులు తోలువి. లోపల బ్లాడరు, పైన తాడు కుట్టు. కుట్టు ఊడినప్పుడల్లా బంతి మా పల్లెకు వచ్చేది. చేతికి ఇచ్చేవాళ్లు కాదు. దూరం నుంచి మా వాకిట్లోకి విసిరేవాళ్లు. నాయన కుట్టి, గాలి కొట్టించి మళ్లీ వాళ్ల వైపుకు విసిరేవాడు. నేను చిన్నప్పుడు అడిగా. "నాయనా, నువ్వు ముట్టుకున్న బంతిని వాళ్లు ముట్టుకుంటారు గదా, మరి నిన్నెందుకు ముట్టుకోరు?" ఆయన ఆరె పక్కన పెట్టి, "బంతికి కులం లేదురా. అది ఎగిరిపోద్ది. మనం ఎగిరిపోలేం" అన్నాడు.

అట్లా వచ్చిన బంతుల్ని తిరిగి ఇచ్చేముందు ఒక పూట మేం ఆడుకునేవాళ్లం. నేను ఎత్తరిని. షాటు బాగా పడేది. పదో తరగతికొచ్చేసరికి ఊరి జట్టుకు నేను కావలసి వచ్చాను. నా మీద ప్రేమతో కాదు, పక్క ఊరి మీద ఓడిపోలేక. కోర్టులో నేను లేపిన బంతిని వాళ్లు కొట్టేవాళ్లు, వాళ్లు లేపింది నేను కొట్టేవాణ్ణి. పాయింటొస్తే భుజం మీద చెయ్యేసేవాళ్లు. ఆట ఆగితే ఆ చెయ్యి తీసేసేవాళ్లు. వాళ్లు గ్లాసుతో నీళ్లు తాగేవాళ్లు. నేను దోసిలి పట్టేవాణ్ణి.

1985 జూలై 17న కారంచేడు జరిగింది. మంచినీళ్ల చెరువు కాడ మొదలైన గొడవకు ఆరుగురు మాదిగల్ని చంపారు. మిగిలినోళ్లు ఊరొదిలి చీరాలకు పోయారు. మా పల్లెలో రాత్రులు ఎవరూ నిద్రపోలేదు. అయినా ఆరు నెలలకు సంక్రాంతి పోటీలొచ్చాయి. నన్ను పిలిచారు. నేను పోయాను. పదహారేళ్లోడికి ఆట ముందు ఇంకేమీ కనపడదు. మొదటి రోజు రెండు మ్యాచులు గెలిచాం. రాత్రి జట్టుకు ఒక పెద్దాయన ఇంట్లో భోజనం. అందరికీ వసారాలో ఆకులేశారు. నాకు గొడ్లచావిట్లో వేశారు. కుడితి తొట్టి పక్కన. వడ్డించిన ముసలామె పాపం మంచిదే. "కడుపు నిండా తినయ్యా, రేపు గెలవాలి" అంది.

ఆ ఆకు ముందు నుంచి లేచి వచ్చేశాను. మర్నాడు సెమీ ఫైనలుకు పోలేదు. ఊరి జట్టు ఓడిపోయింది.

అది వీరత్వం అని నేను ఇప్పటికీ చెప్పుకోను. ఎందుకంటే దాని ఖరీదు నేను కట్టలేదు. నాయన కట్టాడు. ఆ వారం నుంచి ఒక్క రైతు కూడా చెప్పు తెగిందని మా ఇంటికి రాలేదు. కళ్లం కాడ ఏటా ఇచ్చే మేర గింజలు ఆ ఏడు ఆగిపోయినయి. అమ్మ పొరుగూరికి కూలికి పోయింది. నాయన నన్ను కొట్టలేదు, తిట్టలేదు. ఒక్కటే అన్నాడు: "నువ్వు వాళ్ల ఆట మానేశావు. వాళ్లు నా పని మానిపిచ్చారు. లేచేటప్పుడు ఇంకొకణ్ణి తోడు లేపుకొని లేవాల్రా. ఒక్కడే లేస్తే కూర్చోబెట్టడం తేలిక."

ఆ మాట అర్థం కావటానికి నాకు చానా ఏళ్లు పట్టింది. 2002లో వచ్చిన రామచంద్ర గుహ క్రికెట్ చరిత్ర పుస్తకం చదివినాక పూర్తిగా అర్థమైంది. అందులో పల్వంకర్ అన్నదమ్ములున్నారు.

*

పల్వంకర్ బాలూ చమార్ కులస్తుడు. 1870ల మధ్యలో ధార్వాడలో పుట్టాడు. కొంకణంలోని పల్వన్ అనే ఊరి పేరే ఇంటిపేరైంది. తండ్రికి పూనాలో సైన్యం కొలువు. దొరలు ఆడి పారేసిన బ్యాట్లు, బంతులతో బాలూ, తమ్ముడు శివరాం ఆట నేర్చుకున్నారు. మా పల్లెలో కుట్టుకొచ్చిన బంతితో మేం నేర్చుకున్నట్టే. బాలూ మొదటి ఉద్యోగం ఒక పార్శీల క్లబ్బులో. పిచ్ ఊడవాలి, రోలరు లాగాలి, ఎవరైనా అడిగితే బంతులెయ్యాలి. జీతం నెలకు మూడు రూపాయలు. 1892లో తెల్లవాళ్ల క్లబ్బుకు మారితే నాలుగు రూపాయలైంది. అక్కడ గ్రెగ్ అనే తెల్ల ఆటగాడు రోజూ ముందే వచ్చి బాలూ చేత బంతులేయించుకొని ఆట సాధన చేసేవాడు. తనను ఔట్ చేసినప్పుడల్లా ఎనిమిదణాలు ఇచ్చేవాడని ఒక కథ ఉంది. అన్ని వందల గంటలు బంతులేసిన బాలూకు ఆ క్లబ్బులో ఒక్కసారి కూడా బ్యాటు చేతికివ్వలేదు. బ్యాటు పట్టేది యజమాని, బంతి వేసేది పనోడు. పొలంలోనూ అంతే, మైదానంలోనూ అంతే.

పూనాలో హిందువులు తెల్లవాళ్ల మీద ఆడటానికి సొంత క్లబ్బు పెట్టుకున్నారు. గెలవాలంటే బాలూ కావాలి. కానీ అంటరానివాణ్ణి ఎట్లా చేర్చుకోవడం? క్లబ్బులో రగడ జరిగింది. మన తెలుగు చదువరులకు ఇక్కడొక సంగతి చెప్పాలి. ఆ క్లబ్బులో ఉన్న కొందరు తెలుగువాళ్లు బాలూను తీసుకోవాలన్నారు, పూనా బ్రాహ్మణులు వద్దన్నారు. బాలూను వదులుకుంటే హిందువులంత తెలివితక్కువోళ్లు ఉండరని గ్రెగ్ బయటికే చెప్పాడు. చివరికి తీసుకున్నారు. తీసుకోవడం వేరు, కలుపుకోవడం వేరు. మైదానంలో బాలూ వేసిన బంతినే అందరూ ముట్టుకునేవాళ్లు. టీ వేళ మిగతావాళ్లు పెవిలియన్ లోపల పింగాణీ కప్పుల్లో తాగితే బాలూకు బయట మట్టి ముంతలో పోసేవాళ్లు. తాగి పారెయ్యాలి. చేతులు కడుక్కోవాలంటే ఇంకో అంటరాని పనోడు నీళ్లు తెచ్చి మైదానం మూల పొయ్యాలి. భోజనానికి వేరే పళ్లెం, వేరే బల్ల.

ఆ మట్టి ముంతకూ మా ఊరి గొడ్లచావిడికీ మధ్య తొంభై ఏళ్లు. అంతే తేడా.

సతారాలో తెల్లవాళ్ల జట్టు మీద బాలూ ఏడు వికెట్లు తీశాడు. తిరిగొచ్చాక పూనాలో సభ జరిగింది. మహాదేవ గోవింద రానడే బాలూను మెచ్చుకొని, కలిసి ఆడగలిగినోళ్లు కలిసి తినలేరా అని మిగతా ఆటగాళ్లను నిలదీశాడు. ఇంకో సభలో తిలక్ కూడా పొగిడాడు. వికెట్లు తీస్తే ముంత మెల్లగా కప్పుగా మారుద్దని అప్పుడే తెలిసింది. కానీ ఒక ముంతను కప్పు చెయ్యటానికి ఎన్ని వికెట్లు కావాలి? పక్కవాడికి ఆ కప్పు పుట్టుకతోనే వచ్చిందిగదా!

1896లో పూనాలో ప్లేగు వచ్చింది. బాలూ బొంబాయి చేరాడు. హిందూ జింఖానాకు ఆడాడు, రైల్వేలో ఉద్యోగం చేశాడు. 1906లో హిందువులు తెల్లవాళ్ల మీద 109 పరుగులతో గెలిచిన మ్యాచులో బాలూ, శివరాం ఇద్దరూ ఉన్నారు. ఆ గెలుపును దేశమంతా చెప్పుకుంది. 1907లో తెల్లవాళ్లు, పార్శీలు, హిందువుల మధ్య మూడు జట్ల పోటీ మొదలైంది. 1912లో ముస్లింలు చేరి నాలుగు జట్లయ్యాయి. తర్వాత గణపత్, విఠల్ అనే ఇంకో ఇద్దరు తమ్ముళ్లు కూడా హిందూ జట్టుకు ఆడారు. గుడిలోకి రానివ్వని ఇంటి నుంచి నలుగురు అన్నదమ్ములు 'హిందువుల' పరువు కోసం ఆడారు! 1911లో పటియాలా మహారాజా నాయకత్వంలో అఖిల భారత జట్టు ఇంగ్లండు పోయింది. ఆ పర్యటనలో జట్టు ఎక్కువ మ్యాచులు ఓడినా బాలూ ఒక్కడు 114 వికెట్లు తీశాడు. తిరిగొచ్చాక బొంబాయి అణగారిన కులాలవాళ్లు సన్మానం చేశారు. ఆ సన్మానపత్రం రాసింది అప్పటికి కాలేజీలో చదువుతున్న అంబేద్కర్ అని చరిత్రకారులు రాశారు.

ఇంత చేసినవాడు కెప్టెన్ కావాలి గదా? కాలేదు. ఏటేటా హిందూ జట్టు నాయకత్వం బ్రాహ్మణుడైన ఎం.డి. పాయ్‌కు దక్కింది. పాయ్ చెడ్డవాడు కాదు. 1913లో తనకు జరిగిన సభలోనే, ఈ గౌరవం నాకంటే పెద్దవాడూ అనుభవమున్నవాడూ అయిన నా మిత్రుడు బాలూకు దక్కాల్సింది అని ఒప్పుకున్నాడు. ఒప్పుకొని ఆ పదవిలోనే ఉన్నాడు. మంచివాళ్లు ఎప్పుడూ అంతవరకే వస్తారు. కుర్చీ మనదని చెప్తారు, కుర్చీలోనుంచి మాత్రం లేవరు.

*

1920 వచ్చింది. ఆ ఏడు దేశమంతా 'వదిలెయ్యండి' అనే మాటే. గాంధీ సహాయ నిరాకరణ. విద్యార్థులు బడులు వదిలెయ్యాలి, వకీళ్లు కోర్టులు వదిలెయ్యాలి, బిరుదులున్నోళ్లు బిరుదులు వదిలెయ్యాలి. ఆ ఏడాది చివర నాగపూర్ కాంగ్రెస్‌లో అంటరానితనం పోవాలని తీర్మానం కూడా చేశారు. అదే ఏడు నాలుగు జట్ల పోటీకి హిందూ జట్టును ఎంపిక చేస్తూ బాలూను తీసేశారు. వయసు నలభై దాటింది కాబట్టి అందులో తప్పేముందని అనుకుందాం. పాయ్‌కు ఒంట్లో బాగాలేక మొదటి మ్యాచుకు రాలేదు. మరి కెప్టెన్ ఎవరు? మిగిలినోళ్లలో పెద్దవాళ్లు శివరాం, విఠల్. విఠల్ అప్పటికి హిందువుల మేటి బ్యాట్స్‌మన్. కమిటీ ఇద్దర్నీ దాటేసి వాళ్లకంటే చిన్నవాడైన పూనా బ్రాహ్మణుడు డి.బి. దేవధర్‌ను కెప్టెన్ చేసింది. దేవధర్ గొప్ప ఆటగాడే. తర్వాత ఆయన పేరు మీద ట్రోఫీ కూడా పెట్టారు. ఇక్కడ ప్రశ్న దేవధర్ ఆట గురించి కాదు, వరసలో ముందున్నోళ్లను ఏ కారణంతో పక్కకు నెట్టారన్నది.

అన్నదమ్ములిద్దరూ పోటీ నుంచి తప్పుకున్నారు. ఊరికే తప్పుకోలేదు. కాగితం మీద రాసి పత్రికకిచ్చారు. మాకంటే మేటి ఆటగాడి కింద ఆడటానికి మాకేం అభ్యంతరం లేదు, కులం చూసి చేసిన ఎంపిక కింద ఆడటం మా ఆత్మగౌరవానికి దెబ్బ. ఆ ప్రకటన సారాంశం ఇది. అంబేద్కర్ మహద్ చెరువు నీళ్లు తాగించింది 1927లో. దానికి ఏడేళ్ల ముందే ఇద్దరు చమార్ ఆటగాళ్లు బొంబాయి మైదానంలో ఈ మాట రాసి సంతకం పెట్టారు. మన ఉద్యమ చరిత్ర రాసేవాళ్లు దీన్ని ఆటల పేజీలో వదిలెయ్యకూడదని నా మనవి.

అప్పుడు కూడా ఇప్పటి మాటలే అనుంటారు. జట్టు ముందు, మీరు తర్వాత. పోటీ అయ్యాక అడగొచ్చుగదా? ఇప్పుడే ఎందుకు? ఈ 'ఇప్పుడే ఎందుకు' అనే ప్రశ్న మనల్ని ఎప్పుడూ అడుగుతారు. పోటీ ముందు అడిగితే జట్టు చెడగొడుతున్నావంటారు. పోటీ మధ్యలో అడిగితే ద్రోహమంటారు. అయ్యాక అడిగితే అయిపోయిందిగదా ఇంకెందుకంటారు. మనకు సరైన వేళంటూ వాళ్ల క్యాలెండరులో లేదు. నిజానికి మన చేతిలో బలం ఉండేది ఆట మధ్యలోనే. అప్పుడే మన అవసరం వాళ్లకు తెలిసేది.

ఆ తప్పుకోవడం పనిచేసింది. పార్శీలతో ఫైనలుకు పాయ్ తిరిగొచ్చాడు. శివరాం, విఠల్ తిరిగి జట్టులోకొచ్చారు. బాలూను మళ్లీ పిలవడమే కాదు, వైస్ కెప్టెన్‌ను చేశారు. మ్యాచ్ జరుగుతుండగా పాయ్ మైదానం విడిచి నాయకత్వం బాలూకు అప్పగించాడు. పాతికేళ్లు బంతులేసిన మనిషి, మట్టి ముంతలో టీ తాగిన మనిషి, ఆట సాయంకాలం అట్లా కొద్దిసేపు హిందూ జట్టును నడిపించాడు. మూడేళ్లకు, 1923లో, విఠల్ పూర్తి కెప్టెన్ అయ్యాడు. ఆ ఏడు ఫైనల్లో తెల్లవాళ్లను ఓడించారు. జనం విఠల్‌ను భుజాల మీద మోశారు. 1926 దాకా ఆయనే కెప్టెన్. నాలుగేళ్లలో మూడుసార్లు గెలిచారు. 'మాఝే క్రీడాజీవన్' అని మరాఠీలో ఆత్మకథ కూడా రాసుకున్నాడు, 1948లో అచ్చయింది.

ఇక్కడ ఒక సంగతి దాచకూడదు. బాలూ తర్వాత రాజకీయాల్లో అంబేద్కర్ వెంట నడవలేదు. ప్రత్యేక నియోజకవర్గాలను వ్యతిరేకించాడు. 1932 పూనా ఒప్పందం మీద ఆయన సంతకముంది. 1937లో కాంగ్రెస్ టికెట్ మీద అంబేద్కర్ మీదే పోటీ చేశాడు. అంబేద్కర్‌కు 13,245 ఓట్లు, బాలూకు 11,225. మన కార్యకర్తలు కొందరు ఇందుకే ఆయన పేరెత్తరు. నేను ఒప్పుకోను. రాజకీయాల్లో ఆయన తీసుకున్న దారి తప్పని నేనూ అంటాను. కానీ ఆయన ఎడమచేతి నుంచి వచ్చిన 179 ఫస్ట్‌క్లాస్ వికెట్లు మనవి కాకుండా పోవు. సన్మానపత్రం రాసిన చెయ్యే ఎన్నికలో ఓడించింది. చరిత్రలో మన మనుషులు ఒకే గీత మీద నిలబడి ఉండరు. ఉండాలని కోరుకుంటే మనకు విగ్రహాలు మిగుల్తాయి, మనుషులు మిగలరు.

*

ఇప్పుడు నా రెండో సంగతి.

ఆటల కోటాలో నాకు ఒక సంస్థలో ఉద్యోగమొచ్చింది. వాళ్ల వాలీబాల్ జట్టుకు ఎనిమిదేళ్లు ఆడాను. కెప్టెన్ రిటైరయ్యాడు. వరసలో నేనే. నన్ను దాటి నాకంటే నాలుగేళ్లు చిన్నవాణ్ణి చేశారు. ఎంపిక చేసినాయన నన్ను పక్కకు పిలిచి, "నీకు ఆట ఉంది, మాట లేదు. పై అధికారులతో మాట్లాడాలిగదా" అన్నాడు. మాట లేకుండా చేసిందెవరని నేను అడగలేదు. అప్పటికి ఇల్లు కట్టడానికి అప్పు తెచ్చాను. అమ్మకు జబ్బు. నాయన పని పోయిన ఏడాది నా కళ్ల ముందు తిరిగింది. మూసుకొని ఆడాను. ఆ సీజన్‌లో మేమే గెలిచాం. ఫోటోలో చివర నిలబడ్డాను.

ఇందులో నన్ను ఎవరూ తప్పుపట్టలేదు. ప్రమోషన్ కూడా వచ్చింది. తప్పు ఎక్కడ తెలిసిందంటే, రెండేళ్లకు మన పిల్లోడొకడు ఆ జట్టులోకొచ్చాడు. లిఫ్టరు. వేళ్లలో వెన్న ఉన్నట్టు బంతిని లేపేవాడు. వాడికీ అదే జరిగింది. వాడు నా దగ్గరికొచ్చి "అన్నా, నేను రేపు ఆడను. నువ్వు కూడా ఆడొద్దు. ఇద్దరం చెబుదాం" అన్నాడు. నేను "సీజన్ అయిపోనీ తమ్ముడూ" అన్నాను. సరిగ్గా వాళ్లు చెప్పే మాటే నా నోటి నుంచి వచ్చింది. వాడు ఒక్కడే లేచాడు. క్రమశిక్షణ లేదని పంపించేశారు. తర్వాత వాడు మళ్లీ బంతి ముట్టుకోలేదని విన్నాను. విఠల్‌కు శివరాం ఉన్నాడు. వాడికి నేను ఉండి కూడా లేను.

కాబట్టి 'వదలాలా, వద్దా' అని అడిగితే నేను ధర్మం చెప్పేంత మొనగాణ్ణి కాదు. వదలకుండా గెలిచినోళ్లున్నారు. 2021 ఆగస్టులో టోక్యో ఒలింపిక్స్‌లో మన అమ్మాయిల హాకీ జట్టు సెమీ ఫైనల్లో అర్జెంటీనా మీద ఓడితే, హరిద్వార్ దగ్గర రోష్నాబాద్‌లో వందనా కటారియా ఇంటి ముందు కొందరు టపాకాయలు కాల్చారు. జట్టులో దళితులు ఎక్కువయ్యారు కాబట్టే ఓడిందని కులం పేరుతో తిట్టారు. ఒలింపిక్స్‌లో హ్యాట్రిక్ కొట్టిన మొదటి భారత మహిళ ఆమె. రెండు రోజులకు బ్రిటన్ మీద కాంస్యం కోసం ఆడిన మ్యాచులో ఆమె దిగింది, గోలు కొట్టింది. మ్యాచ్ 3-4తో పోయింది. ఆమె నిలబడటాన్ని అందరూ మెచ్చుకున్నారు. నేనూ మెచ్చుకున్నాను. కానీ ఆమె ఆ రోజు ఆడనని కూర్చుంటే మెచ్చుకునేవాళ్లు ఎంతమంది? మనం దెబ్బ తిని కూడా ఆడితేనే వాళ్లకు ముచ్చట. దెబ్బ కొట్టినోణ్ణి జట్టు నుంచి, ఊరు నుంచి, కొలువు నుంచి తప్పించమంటే ముచ్చట ఉండదు.

వదలడం మనకు కొత్త కాదు. 1935లో యేవలాలో హిందువుగా చావనని అంబేద్కర్ చెప్పాడు, 1956లో నాగపూర్‌లో వదిలాడు. 1951లో హిందూ కోడ్ బిల్లును పక్కన పెట్టినందుకు, ఇంకొన్ని కారణాలకు మంత్రి పదవి మధ్యలోనే వదిలేశాడు. కారంచేడు మాదిగలు ఊరినే వదిలేశారు. తిరిగి రమ్మంటే రాము పొమ్మని చీరాలలో నిలబడ్డారు. వాళ్లెవరూ ఓడిపోయి పోలేదు. మీరు మేం లేకుండా ఆడుకోండి, చూద్దాం అని పోయారు. పారిపోవడానికీ తప్పుకోవడానికీ తేడా ఇదే. పారిపోయేవాడు ఎందుకు పోతున్నాడో చెప్పడు. తప్పుకునేవాడు కారణం చెప్పి, తిరిగి రావడానికి షరతు కూడా చెప్పి పోతాడు. 1920లో ఇద్దరూ కలిసి, కారణం రాసి, జట్టుకు తమ అవసరం ఉన్నప్పుడు తప్పుకున్నారు. అందుకే ఫైనలుకు తలెత్తుకొని తిరిగొచ్చారు. 1986లో నేను చేసింది సగమే. లేచాను. కానీ ఎందుకు లేచానో ఆ వసారాలో ఎవరికీ చెప్పలేదు. కడుపునొప్పి అనుకున్నారంట.

ఇంకో మాట. వదలడానికి కూడా ఆసరా కావాలి. బాలూకు, విఠల్‌కు జీతమొచ్చే ఉద్యోగాలు ఉన్నాయి. వాళ్ల వెనక బొంబాయిలో సన్మానం చేసే జనం ఉంది. కూలికి పోయే ఇంటి పిల్లను 'ఆత్మగౌరవం కోసం వదిలెయ్' అని సభలో చెప్పి, ఆమె కట్టాల్సిన డబ్బు గురించి మాట్లాడకపోతే మన ఉద్యమం కూడా ఆమెను బయట కూర్చోబెట్టినట్టే. విద్యార్థి సంఘాలూ మన ఉద్యోగ సంఘాలూ ఆటగాళ్ల గురించి ఆలోచించాల్సింది ఇక్కడే. బదిలీ అన్యాయమైతే మనం ధర్నా చేస్తాం. స్కాలర్‌షిప్ ఆగితే రోడ్డెక్కుతాం. ఒక పిల్లను కులం పేరుతో బెంచీ మీద కూర్చోబెడితే అది ఆటల సంగతిలే అని వదిలేస్తాం.

*

రెండు రోజులకు కాదు, ఆ రాత్రికే ఆ పిల్లకు ఫోను చేశాను.

"వదులుతావా ఉంటావా నీ ఇష్టం తల్లీ. రెంట్లో ఏది చేసినా తప్పు కాదు. చెప్పకుండా మాత్రం రావొద్దు. జరిగింది తారీఖులతో రాయి. నవ్వినోళ్ల పేర్లు రాయి. నువ్వు ఏం జరిగితే ఆడతావో, ఏం జరక్కపోతే ఆడవో రాయి. ఆ జట్టులో ఇంకెవరైనా నీ పక్కన నిలబడతారేమో అడుగు. ఎవరూ లేకపోతే నేనొస్తా. కట్టాల్సిన డబ్బు సంగతి నేనూ మీ నాయనా చూసుకుంటాం" అన్నాను.

కాసేపు ఆగి, "నీకు అప్పుడు ఎవరూ రాలేదా చిన్నాయనా?" అంది.

"నేనే ఒకడికి పోలేదమ్మా" అన్నాను.

వారం తర్వాత కాగితం ఫోటో తీసి పంపింది. రెండు పేజీలు. నేను దిద్దడానికి ఏం లేదు. కింద మూడు సంతకాలున్నయి. మొదటిది ఆమెది. రెండోది గిరిజన తండా నుంచి వచ్చిన అమ్మాయిది. మూడోది, గది మార్పించుకున్న ఆ పక్క మంచం పిల్లది. ఆ పిల్ల ఎందుకు పెట్టిందో నాకు తెలియదు. పెట్టింది.

నేను ఇది రాస్తున్న రోజుకు పై నుంచి జవాబు రాలేదు. ఇంకా నాలుగు మ్యాచులున్నయి. కాగితంలో రాసిన గడువు వచ్చే మ్యాచు దాకా. ఆ రోజు ముగ్గురూ మైదానం కాడికి పోతారు. ఆడతారో, గీత బయట నిలబడతారో జవాబును బట్టి ఉంటది. నేనూ పోతున్నాను.